మేం కోసి పారేసిన వాగు

మా నాన్న, ఆయన స్నేహితులు పుస్తకాలు కోసేవాళ్లు. ముందు కోయడం, తర్వాత చదవడం. ఈ సంగతి చెబితే వినేవాళ్లు తెగ ముచ్చటపడతారు. ‘అబ్బ, ఆ రోజుల్లో చదువంటే ఎంత ఇష్టమో’ అంటారు. అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇష్టమే, కాదనను. కానీ ఆ ఇష్టంతో మేం చేసిన పాడుపని ఒకటుంది. అందులో అందరికంటే ముందున్న చెయ్యి నాదే. దాన్ని తీపి జ్ఞాపకంలా చెప్పడం నాకు చేతకాదు.

అప్పుడు మేం నాంపల్లిలో, స్టేషన్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లం. హైదరాబాదు కొత్త రాష్ట్రానికి రాజధాని అయి కొన్నేళ్లయింది. నాన్న లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో గుమస్తా. వారమంతా ఫైళ్ల మీద ‘తమ ఉత్తర్వుల కోసం’ అని రాసి రాసి, ఆదివారం వచ్చేసరికి తనే ఉత్తర్వులిచ్చే సేనాధిపతి అయిపోయేవాడు. వరండాలో గచ్చు మీద అగ్గిపుల్లలు పేర్చి జపాను సైన్యమనేవాడు, చింతగింజలు పేర్చి మన సైన్యమనేవాడు. అగ్గిపుల్లలు ఎటునుంచి చుట్టుముట్టాయో, చింతగింజలు ఎక్కడ పొరపాటు చేశాయో గంటలకొద్దీ వివరించేవాడు. మా అమ్మ ఊడ్చడానికి వస్తే ‘ఆగాగు, యుద్ధం నడుస్తున్నది’ అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. అమ్మ చీపురు పట్టుకుని నిలబడేది. యుద్ధం ముగిశాక ఊడ్చేది.

ఆయనకు ఇద్దరు జోడీలు. ఒకాయన హైస్కూల్లో చరిత్ర చెప్పే మాస్టారు. మెత్తని మనిషి. ఏ మాటన్నా ముందు గడ్డం గోక్కునేవాడు. రెండో ఆయనది సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం, తాతల నాటి హైదరాబాదు కుటుంబం. ఆయనకు సాహస నవలల పిచ్చి. సముద్రం ఉండాలి, దీవి ఉండాలి, నిధి ఉండాలి, కొండ అంచు పట్టుకుని ఒకడు వేలాడుతూ ఉండాలి. నాన్నా, మాస్టారూ యుద్ధ చరిత్రల వైపు, ఆయన సాహసాల వైపు. ప్రతి ఏడూ మార్చి ఆఖరులో ఈ రెండు పక్షాలకూ పోట్లాట. ఎండాకాలానికి ఏ పుస్తకం తీసుకోవాలి అని.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి కదా, మూసిన తలుపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేవాళ్లు. సికింద్రాబాదు బంగళాల నుంచి వచ్చిన ఇంగ్లీషు యుద్ధ చరిత్రలు ఇటుకల్లా ఉండేవి. అంత లావు పుస్తకం ఒకరు కొని చదువుతూ కూర్చుంటే మిగతావాళ్ల వంతు వచ్చేసరికి వానాకాలం వచ్చేస్తుంది. అందుకని నలుగురు కలిసి ఒకటి కొనేవాళ్లు. నాంపల్లి సందులో పుస్తకాలకు జిల్దు కట్టే ముసలాయన దాని వీపు ఊడదీసి, నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు అట్ట వేసి కుట్టి ఇచ్చేవాడు. ఆదివారం పొద్దున మా వరండాలో ముక్కలు చేతులు మారేవి. మూడో ముక్క ముందు వచ్చినవాడు మూడోది ముందు చదివేవాడు. ఎవరు గెలిచారో అందరికీ తెలిసిందే కాబట్టి ఇబ్బంది లేదనేవాళ్లు. వానలు పడేలోపు నలుగురూ నాలుగూ పూర్తి చేయాలి. దాని పేరు ఎండాకాలం పుస్తకం.

నాలుగో ఆయన రైల్వేలో పనిచేసేవాడు. నేను చెప్పే ఏడు ఆయనకు బదిలీ అయింది. నాలుగు ముక్కలకు ముగ్గురే మిగిలారు. నాకప్పుడు పదిహేనేళ్లు. నాన్న నేర్పిన ఇంగ్లీషు, నాన్న నిద్రపోతున్నప్పుడు దొంగతనంగా చదివిన పాత ముక్కలు, బట్టల దుకాణం ఆయన పడేసిన సాహస నవలలు, ఇవీ నా చదువు. ‘నన్ను చేర్చుకోండి’ అని నాన్న చుట్టూ నెలరోజులు తిరిగాను. చివరికి ‘సరే, నాలుగో వాటా నీది’ అన్నాడు. కుర్చీ ఇవ్వలేదనుకోండి. గడప మీద కూర్చోమన్నారు. నాకు గడపే సింహాసనం.

ఆ ఏడు నాన్న ఎంచింది బర్మా యుద్ధం గురించిన పుస్తకం. మార్చి ఆఖరి ఆదివారం అది చూడగానే బట్టల దుకాణం ఆయన మొహం మాడ్చుకున్నాడు.

"గిదేంది సారూ, మళ్ల లడాయేనా? పోయినేడు ఎడారిల లడాయి, ముందటేడు సముద్రంల లడాయి. ఎండకాలమొస్తె పానం జర హల్కగుండాలె. నేను తెచ్చింది చూడుండ్రి. దీవి ఉన్నది, దొంగలున్నరు, మునిగిన ఓడ ఉన్నది."

"అయన్ని పోరగాండ్ల కతలు. ఇది నిజంగ జరిగింది" అన్నాడు నాన్న.

"నిజంగ జరిగితె ఏంది, నిద్రొస్తది గదా!"

ఆయన ఆ లావు పుస్తకం తీసి చరచరా తిప్పాడు. ఒక చోట ఆగి గట్టిగా చప్పట్లు కొట్టాడు.

"దొరికింది! గిది చూడుండ్రి. పిండి బస్తాలెన్ని, ఉప్పెంత, ఖచ్చర్లకు కాలు నొప్పిలేస్తె ఏం జెయ్యాలె, తొవ్వ ఏడ జారింది, ఏ వాగు ఎట్ల దాటిన్రు. పొడుగూత గదే. గిదేమన్న లడాయా, కిరాణా దుకానమా? గీ ముక్క ఎవరికొస్తె వాని వారం ఖరాబు. గిది తీసేస్తెనే నేనొస్త, లేకుంటె నా పైసలు నాకియ్యిండ్రి."

మాస్టారు గడ్డం గోక్కున్నాడు. "చరిత్రల గది సుత ఉంటది గద" అన్నాడు మెల్లగా. అంతే. అంతకంటే గట్టిగా ఆయన ఏ మాటా అనలేదు.

నాన్న ఇద్దరి వైపూ చూసి నవ్వాడు. తేల్చడం ఇష్టం లేనప్పుడు ఆయన అలాగే నవ్వేవాడు. "కొత్త మెంబరున్నది గద, ఆమెనే అడుగుదాం. ఏం బిడ్డా, ఉంచుదమా తీద్దమా?"

ముగ్గురు పెద్దమనుషులు నా వైపు తిరిగారు. పుట్టి బుద్ధెరిగాక నన్నొకరు అభిప్రాయం అడగడం అదే మొదలు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని రెండు పేజీలు తిప్పాను. తాళ్లు, గాడిదల జీనులు, దాణా, ఉప్పు. ఒక్క తుపాకీ లేదు. ఒక్కడూ వీరుడిలా చచ్చిపోవడం లేదు. బట్టల దుకాణం ఆయన నన్ను మెచ్చుకోవాలని ఉంది, నాన్న ‘మా బిడ్డ’ అని గర్వపడాలని ఉంది.

"తీసేద్దాం" అన్నాను.

"షాబాష్!" అన్నాడాయన.

అంతటితో ఊరుకున్నానా? లేదు. జిల్దు కట్టే ఆయన దగ్గరికి వెళ్లేదాకా కూడా ఆగలేదు. నాన్న గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి, వరండాలో కూర్చుని, ఆ అధ్యాయాన్ని మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా నేనే కోశాను. ఎంత నీటుగా కోశావే అని మెచ్చుకున్నారు. ఆ కాగితాలు పాత పేపర్లతో కలిపి స్టేషన్ ముందు శనగలమ్మే బండికి వెళ్లిపోయాయి. నేను ఆ రాత్రి సంతోషంగా పడుకున్నాను. తలుచుకుంటే ఇప్పుడు ఆ పిల్లను రెండు పీకాలనిపిస్తుంది.

మా వాకిట్లోనే, వెనక రేకుల షెడ్డులో, ఒక టాంగా ఆయన ఉండేవాడు. నాంపల్లి స్టేషన్ నుంచి బండి తోలేవాడు. నల్గొండ వైపు పల్లెటూరు. ఆయన్ని నేను కాకా అనేదాన్ని. మనిషి కంటే గుర్రంతో ఎక్కువ మాట్లాడేవాడు. ఏప్రిల్ మొదటి ఆదివారం నాన్న అగ్గిపుల్లలూ చింతగింజలూ పేర్చి బర్మా బర్మా అని ఎగురుతుంటే, ఆయన దాణా సంచీ భుజాన వేసుకుని మెట్ల పక్కన చాలాసేపు నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు. నేనూ అనలేదు.

మర్నాడు నేను బడి నుంచి వస్తుంటే పిలిచాడు.

"బిడ్డా, మీ నాయిన బర్మ అంటున్నడు. గది నేను వొయ్యొచ్చిన బర్మనేనా?"

నేను నోరు తెరిచాను. యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి మా ఇంటి వెనకే గుర్రాన్ని రుద్దుతూ ఉన్నాడు, మేమేమో వరండాలో చింతగింజలు పేర్చుకుంటున్నాం. ఎన్ని తుపాకులు కాల్చావు కాకా అని అడిగాను. నా బుద్ధి అంతవరకే.

"తుపాకేడిది? ఖచ్చర్లు తోలినం" అన్నాడు. కంచర గాడిదలు. లారీలు వెళ్లలేని అడవి దారుల్లో పిండీ ఉప్పూ మందుగుండూ మోసే గాడిదలు. ఆయనా, వాళ్ల ఊరివాడే ఇంకొకతనూ కలిసి వెళ్లారట. అతను ఈయనకు అన్న వరస. వానలో ఒక వాగు దాటుతుంటే పైనుంచి నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. అన్న చేతిలో రెండు గాడిదలు, వాటి మీద పిండి బస్తాలు. పగ్గం వదిలేస్తే బతికేవాడట. వదల్లేదు.

"ఇంటికి కాయితమొచ్చింది. కొలువుల సచ్చిపోయిండు అని ఉన్నదట, గంతే. ఏడ అని లేదు. నేనెప్పుడు ఊరికి పోయినా మా వదినె అడుగుతది, ఏడ పోయిండు అని. వాగుల పోయిండు అంట. ఏ వాగు అంటది. దాని పేరు నాకెరుక లేదు బిడ్డా. ఇంగ్లీషోల్లు ఏందో అంటుండె, మాకు నోరు తిరగకపోతుండె. ఇన్నేండ్ల సంది గదొక్కటే అడుగుతది. నాకు ఊరికి పోవాలంటెనే బుగులైతది." ఆయన మా వరండా వైపు చూశాడు. "గంత లావు కితాబు గద. అండ్ల ఏడ్నో ఒకతాన ఉంటది. జర చూస్తవా?"

చూస్తాను కాకా, ఎందుకు చూడను, అని ముందూ వెనకా ఆలోచించకుండా గొప్పగా చెప్పి లోపలికి పరిగెత్తాను. నాకు వచ్చింది మొదటి ముక్క. అందులో విషయసూచిక ఉంది. వేలు పెట్టి ఒక్కొక్క శీర్షికా దిగుతూ వచ్చాను. సగం దాటాక ఒక చోట వేలు ఆగిపోయింది. వానల్లో గాడిదల దళాలు, అవి దాటిన వాగులు అని ఉంది ఆ వరసలో. ఆ పేజీలు నేను బ్లేడుతో కోసినవే.

శనగల బండి దగ్గరికి పరిగెత్తాను. పాత పేపర్ల కట్ట ఉంది, మా కాగితాలు లేవు. ఎప్పుడో పొట్లాలైపోయాయి. ఏం అచ్చేసుందో చూశావా అని బండి ఆయన్ని అడిగితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

సాయంత్రం నాన్నకు చెప్పాను. వాగు సంగతి, కాకా సంగతి, కోసిన పేజీల సంగతి. నాన్న విని అయ్యో అంటాడనుకున్నాను. ఆయనకు హుషారు వచ్చింది. "అరే, మన టాంగా ఆయన బర్మకు పోయిండా? జనరల్ను చూసిండా అడుగు" అన్నాడు. వాగు పేరు కావాలి నాన్నా అంటే, "ఇంకో కాపీ దొరికితె చూద్దాం తియ్" అన్నాడు. పెద్ద లైబ్రరీకి తీసుకెళ్లమన్నాను. వచ్చేవారం అన్నాడు. వచ్చేవారం ఆఫీసులో పని ఉందన్నాడు. ఆ పై వారం ఎండ అన్నాడు. అదే ఎండలో ఆబిడ్స్‌కు మాత్రం వెళ్లొచ్చాడు, వచ్చే ఏటి పుస్తకం మీద అప్పుడే కన్నేసి. నేనూ వెంట వెళ్లి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఫుట్‌పాత్ మీద ప్రతి కుప్పా కెలికాను. ఆ పుస్తకం ఇంకొకటి లేదు. పెళ్లయ్యాక కూడా చాలా ఏళ్లు అటు వెళ్లినప్పుడల్లా వెతికాను. బర్మా మీద చాలా దొరికాయి, ఆ పుస్తకం మాత్రం దొరకలేదు. దొరికిన వాటిలో అందరూ జనరళ్లే. ఒక్క దాంట్లోనూ గాడిదలు తోలేవాడు ఏ వాగు దాటాడో ఎవడూ రాయలేదు.

నాన్న చెడ్డవాడు కాదు. పాతికేళ్ల కిందట పోయాడు, ఏడ్చాను. కానీ ఒక మాట నేను ఆయన ముందు అనలేకపోయాను, ఇప్పుడంటాను. దూరదేశపు కొండ మీద ఏ పటాలం ఏ పూట ఏ వైపు కదిలిందో కళ్లు మూసుకుని చెప్పగలిగిన మనిషికి, ఇంటి వెనక ఉన్నవాడి ఒక్క ప్రశ్న కోసం లైబ్రరీ దాకా నడవడానికి కాళ్లు రాలేదు. బట్టల దుకాణం ఆయనా అంతే, మాస్టారూ అంతే. వాళ్లకు యుద్ధమంటే ఇష్టం. యుద్ధానికి వెళ్లినవాడితో పనిలేదు.

కాకా నన్ను తొందర పెట్టలేదు. సాయంత్రం గుర్రాన్ని రుద్దుతూ "దొరికిందా బిడ్డా?" అనేవాడు. ఇంకా లేదు కాకా అంటే "ఔ, లావు కితాబు గద" అనేవాడు. పేజీలు కోసేశామని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తిట్టినా బాగుండేది. నెలరోజులు అలా అడిగాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం వచ్చి, రేపు ఊరికి పోతున్నాను, చెల్లెలి బిడ్డ పెళ్లి అన్నాడు. "మా వదినె సుత ఉంటది. ఈసారన్న చెప్పాలె బిడ్డా" అన్నాడు.

నేను లోపలికి వెళ్లి మొదటి ముక్క తెచ్చాను. అది ఆ వారం మళ్లీ మా ఇంట్లోనే ఉంది. అందులో ఒక మడత పటం ఉంది. పటంలో వెంట్రుకలంత సన్నగా నీలం గీతలు. ఒక గీత పక్కన ఉన్న పేరు చూసుకున్నాను. పుస్తకం మధ్యలో తెరిచాను. ఆ పేజీలో ఇద్దరు సేనాధిపతులు ఉత్తరాల్లో తిట్టుకుంటున్నారు. ఆ పేజీ మీద వేలు పెట్టి, నేను చదవడం మొదలుపెట్టాను. చదవడం కాదు, అల్లడం. దీవుల కథల్లోంచీ ఓడల కథల్లోంచీ తెచ్చి అతికించాను. వాగు అవతల శత్రువులు పొంచి ఉన్నారన్నాను. గుళ్ల వాన కురుస్తుంటే ఒక వీరుడు గాడిదలకు అడ్డంగా నిలబడ్డాడన్నాను.

కాకా చెయ్యెత్తి ఆపాడు. "గుండ్లేడియి బిడ్డా? గాడ ఎవ్వలు లేకుండె. వానొక్కటే."

"గది వేరే వాగు కాకా, మనది తర్వాత పేజీల ఉన్నది" అన్నాను. తడుముకోలేదు కూడా. పేజీ తిప్పి, వాన ఒక్కటే కురిపించి, ఆ నీలం గీత పేరు చదివాను. ఆ పేరు ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. పాపం, అది ఎక్కడిదో ఏమిటో, దానికి ఈ పాపంతో సంబంధం లేదు.

ఆయన ఆ పేరును పదిసార్లు పలికాడు. నోరు తిరిగేదాకా పలికించాను. కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వమన్నాడు, ఇచ్చాను. కళ్లకద్దుకుని చొక్కా లోపల పెట్టుకున్నాడు. నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఒక బరువు దిగినట్టయింది. అంత నీచంగా ఉండగలను నేను అని అప్పుడు తెలియలేదు.

జూన్ మొదటి ఆదివారం. ఎండ ఇంకా తగ్గలేదు. ముగ్గురూ వరండాలో ఉన్నారు. ఆఖరి ముక్కలు చేతులు మారే రోజు కాబట్టి మొజంజాహీ మార్కెట్ నుంచి ఐస్‌క్రీం తెప్పించుకున్నారు. బట్టల దుకాణం ఆయన మంచి ఊపులో ఉన్నాడు, గాడిదలు లేని పుస్తకం గుర్రంలా పరిగెత్తిందని. అప్పుడు టాంగా వచ్చి గేటు ముందు ఆగింది. కాకా దిగాడు. వెనక నుంచి ఒకామె దిగింది. నలభై దాటిన మనిషి, ఎండకు మాడిన మొహం, చేతిలో చిన్న మూట. వచ్చి మెట్ల మీద కూర్చుంది.

"మా వదినె" అన్నాడు కాకా. మొహం వెలిగిపోతోంది. "తొవ్వ పొడుగూత గా పేరే అన్కుంట వచ్చింది. గాని కితాబుల ఉన్నది ఉన్నట్టు చదివితె ఇంటదట. జర చదువు బిడ్డా."

ఆమె మూట నా వైపు జరిపింది. "జొన్న పేలాలు. నీకే తెచ్చిన. నువ్వే దేవులాడి పట్టినవట గద" అంది.

నాన్న ‘ఏమిటిది’ అన్నట్టు నన్ను చూశాడు. ఏ పేజీ అని మాస్టారు అడిగాడు. బట్టల దుకాణం ఆయన చేతిలో ఐస్‌క్రీం కరుగుతోంది. గచ్చు మీద నాలుగు ముక్కలూ వరసగా ఉన్నాయి. ఆమె నా చేతుల వైపే చూస్తోంది.

నేను మొదటి ముక్క తీశాను. తెరిచాను. ఆ ముక్కను గచ్చు మీద విసిరి కొట్టాను.

"అండ్ల లేదు! నేను అబద్ధమాడిన. గా పేరు నాకు తెల్వది. గా పేజీలు మేమే కోసి పడేసినం. వీళ్లు తీసెయ్యాలన్నరు. నన్నడిగితె నేను తీసెయ్యుమన్న. నేనే కోసిన, బ్లేడుతోని!"

నాన్న లేచి నిలబడ్డాడు. బట్టల దుకాణం ఆయన రోడ్డు వైపు మొహం తిప్పుకున్నాడు. మాస్టారు గడ్డం గోక్కుని, "నేనప్పుడే అన్న, ఉండనియ్యుండ్రి అని" అన్నాడు. ఆయన మీద నాకు పుట్టిన అసహ్యం మిగతా ఇద్దరి మీద కూడా పుట్టలేదు.

కాకా నన్ను చూడలేదు. వదిన వైపే చూస్తున్నాడు.

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "అంటె, ఉండెనా?" అంది. "కితాబుల ఉండెనా?"

నాన్న ముందుకు వచ్చాడు. ఆఫీసులో ఏదైనా పని కాదని చెప్పేటప్పటి మెత్తని గొంతుతో మాట్లాడాడు.

"అమ్మా, నువ్వు ఫికర్ జెయ్యకు. మేం తీసేసిన దాంట్ల మీ ఆయన ముచ్చటేం లేకుండె. లడాయి గాదది. ఉత్త పిండి బస్తాలు, ఖచ్చర్లు, వాగులు దాటుడు. గంతే."

ఆమె నాన్నను తేరిపార చూసింది. గొంతు పెంచలేదు.

"మా ఆయన చేసింది గదే గదయ్యా" అంది. "పిండి మోసిండు. ఖచ్చర్లను తోలిండు. వాగు దాటుకుంట పోయిండు. గదే గద మీరు తీసేసింది?"

ఆమె ఇంకాసేపు కూర్చుంది, ఎవరైనా జవాబు చెబుతారేమోనని. తర్వాత లేచి టాంగా ఎక్కింది. పేలాల మూట మెట్ల మీదే వదిలేసింది. కాకా గుర్రాన్ని అటు తిప్పాడు.

నలుగురి ముందూ పరువు తీశావని నాన్న నన్ను తిట్టాడు. స్నేహితులిద్దరూ వెళ్లిపోయారు. అమ్మ వచ్చి వరండా ఊడ్చింది. ఒంటిగంటకు పీటలు వేసి అన్నం పెట్టింది. పప్పు బాగుందని నాన్న మారు వడ్డించుకున్నాడు. నేనూ కడుపు నిండా తిన్నాను.